పిల్లలకి కాదు, పుస్తకాలకి డైరీ: మా బడిలో ఒక ఏడాది

జూన్ చివరి వారం, 2024

కొల్లూరు దగ్గర ఒక పల్లెలో మాది మండల పరిషత్ బడి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరి దగ్గరా ఒక చదువు పట్టిక ఉంటుంది. నిరుడు నేను బదిలీ మీద వచ్చేసరికే అది నడుస్తోంది. రూళ్ల నోటు పుస్తకంలో ఐదు గళ్లు: తేదీ, పుస్తకం పేరు, పేజీలు, నిమిషాలు, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం. రోజూ ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు కథల పుస్తకం చదివి, గళ్లు నింపి, పొద్దున ప్రార్థన అవగానే చూపించాలి. ఉద్దేశం మంచిదే. ఇంటి దగ్గర కూడా పుస్తకం పట్టుకునే పిల్లలు తొందరగా ముందుకొస్తారని టీచర్లందరికీ తెలుసు.

వేసవి సెలవుల్లో నిరుటి పట్టికలన్నీ ఇంటికి తెచ్చుకుని వరసగా చూశాను. ఎక్కడ చూసినా ఇరవై నిమిషాలే. పద్దెనిమిది లేదు, ముప్పై లేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసిన వారాలు బోలెడు. ఆదివారం రాత్రి కూర్చుని నింపేసినవని చూడగానే తెలిసిపోతుంది. ఒకబ్బాయి ఏడాదంతా ఒకటే పుస్తకం పేరు రాశాడు. వాళ్లింట్లో ఉన్నది అదొక్కటే మరి.

ఐదో తరగతికి వచ్చిన ఒకమ్మాయి పట్టికలో సంతకం గడుల నిండా నల్లటి వేలిముద్రలు. అమ్మా నాన్నా కూలి పనికి తెల్లారకుండానే వెళ్లిపోతారు, ఇంట్లో ఉండేది మామ్మ. మామ్మకి సంతకం రాదు. స్టాంపు ప్యాడు ఎక్కడిది? కాటుక డబ్బాలో వేలు అద్ది వేసింది. ఆ కాటుకకి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే కింద రాసింది కూడా చెరిగిపోయింది. తరగతిలో అందరికంటే ఎక్కువ చదివేది ఆ పిల్లే. ఏ కథ రెండోసారి చదివింది, ఎక్కడ నవ్వింది, ఏది సగంలో వదిలేసింది అన్నది మాత్రం ఆ పట్టికలో ఒక్క అక్షరం లేదు. అడగలేదు కాబట్టి లేదు.

హెడ్‌మాస్టారితో మాట్లాడాను. ఈ ఏడాది పట్టిక ఆపేసి చూద్దామండీ, బదులుగా ఏం చేస్తున్నామో నెలనెలా రాసి పెడతాను అన్నాను. "సరేనమ్మా, కానీ ఎంఈఓ గారొచ్చి అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి" అన్నారు. న్యాయమైన మాటే. ఈ డైరీ అందుకు కూడా.

జూలై మొదట్లో

పట్టిక ఆపడం గురించి తోటి టీచర్లకి అనుమానాలున్నాయి. అడిగినవాళ్లకి నేను చెప్పినవి రెండు సంగతులు.

1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ బడిలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు, రంగుల స్కెచ్ పెన్నులంటే ముందునుంచే ఇష్టమున్నవాళ్లు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు చుక్క, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి వేయించారు. కొందరికి వేశాక, చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లయ్యాక పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి చూస్తే, సర్టిఫికెట్ కోసమని వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటి జోలికెళ్లారు. ఇష్టంగా చేసే పనికి బయటినుంచి ఒక కారణం తగిలిస్తే ఉన్న ఇష్టం తగ్గిపోతుందన్నమాట.

రెండోది సరిగ్గా మన విషయమే. 2012లో అమెరికాలోనే అచ్చయిన ఒక అధ్యయనంలో రెండు, మూడు తరగతుల పిల్లల్లో కొందరికి చదువు పట్టిక తప్పనిసరి చేశారు, కొందరికి మీ ఇష్టం అన్నారు. తప్పనిసరి అన్నవాళ్లలో చదవడం మీద ఆసక్తి తగ్గింది. మీ ఇష్టం అన్నవాళ్లలో పెరిగింది. చిన్న అధ్యయనమే, అన్ని బడులకీ అదే జరుగుతుందని అనను. కానీ మా పట్టికల్లోని ఆ ఇరవైలు చూశాక నాకు అది నమ్మబుద్ధేసింది.

అయితే నమోదు అసలే వద్దనడం కూడా నాకు సరిగా అనిపించలేదు. ఏ పుస్తకం కదులుతోంది, ఏది కదలట్లేదు అన్నది టీచరుకి తెలియాలి. గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో రెండు ఇవి: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. మొదటిదాని గురించి అందరం మాట్లాడతాం. రెండోదాన్ని పట్టుకుంటే నాకొక దారి కనిపించింది. పట్టికని పిల్లవాడికి కట్టే బదులు పుస్తకానికి కడదాం. ఏ పుస్తకం డైరీ ఆ పుస్తకంలోనే ఉంటుంది. చదివినవాళ్లు, రాయాలనిపిస్తే, తర్వాత చదివేవాళ్ల కోసం ఒక మాట రాస్తారు. తేదీ లేదు, పేజీలు లేవు, నిమిషాలు లేవు, సంతకం లేదు. పేరు కూడా ఇష్టమైతేనే.

జూలై, బీరువా

పుస్తకాలున్నాయి. ఇనుప బీరువాలో, తాళం వేసి. 2020లో రాష్ట్రమంతా "చదవడం మాకిష్టం" కార్యక్రమం మొదలైనప్పుడు వచ్చినవి, అంతకుముందు వచ్చినవి, ఊళ్లో ఎవరో ఇచ్చినవి. తాళం ఎందుకంటే స్టాకు రిజిస్టరు. పుస్తకం పోతే ఎవరిని అడుగుతారో అన్న భయం చాలా బడుల్లో ఉంది, దాంతో కొత్త పుస్తకాలు కొత్తగానే ముసలివైపోతాయి. చిరిగినవాటిని కమిటీ తీర్మానం పెట్టి స్టాకులోంచి తీసేద్దామని హెడ్‌మాస్టారు అనడంతో ఆ టెన్షన్ పోయింది. చిరిగిన పుస్తకమంటే నలుగురు చదివిన పుస్తకమని ఆయనే అన్నారు.

కింద పరిచి, కుప్పలు చేశాం. బొమ్మ పెద్దగా ఉండి పేజీకి ఒకట్రెండు వాక్యాలున్నవి ఒక కుప్ప. పేజీకి నాలుగైదు వాక్యాలవి ఇంకోటి. పేరాలు పేరాలుగా ఉన్న కథలు మూడోది. మూడో కుప్పే కొండంత. మొదటి కుప్ప చేతిలో పట్టేంత. మా పిల్లల్లో సగం మందికి కావలసింది మొదటి కుప్పే. నాలుగో తరగతిలో ఉండి ఇంకా ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడికి చిన్న అక్షరాల నీతికథల సంపుటి ఇచ్చి ఇరవై నిమిషాలు చదవమంటే వాడు నిమిషాల గడి నింపడమే నేర్చుకుంటాడు.

ఆ లోటు పూడ్చడానికి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు పనికొచ్చింది. 2015 నుంచి ఉంది. తెలుగులో చాలా కథలు, కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలు, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి దించుకుని అచ్చు తీసుకోవచ్చు. మండల కేంద్రంలో జిరాక్సు షాపతను ముందు పిల్లల పుస్తకాలకి రంగు ప్రింటు ఎందుకు మేడం అన్నాడు. బొమ్మ నల్లగా వస్తే ఆ పుస్తకంలో సగం పోయినట్టేనని చూపించాక రేటు తగ్గించి తీసిచ్చాడు.

బీరువాలో పెడితే అట్ట వెన్నులు తప్ప ఏమీ కనపడవు. తరగతి గోడకి పిల్లల భుజాల ఎత్తులో బైండింగు తీగ రెండు వరసలు లాగి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట ముందుకి కనపడేలా వేలాడదీశాం. తీగ బిగుతుగా ఉండాలి, లేకపోతే బరువుకి మధ్యలో జారి పుస్తకాలన్నీ ఒకచోటికి చేరతాయి. చెక్క క్లిప్పులు చిన్న పిల్లల వేళ్లకి సులువు.

జూలై చివర, కార్డులు

కార్డుకి మందపాటి కాగితం కావాలి. ఊళ్లో ప్రతి ఇంట్లో దొరికే మందపాటి కాగితం శుభలేఖ. పిల్లలు సంచులకొద్దీ తెచ్చారు. వెనకవైపు ఖాళీగా ఉన్నవి ఏరి, నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున కోశాం. శుభలేఖ కవరునే అడ్డంగా సగానికి కోస్తే వెనక అట్ట లోపల అంటించే జేబు అవుతుంది. కార్డు దాంట్లో ఉంటుంది.

జిగురు విషయం. మైదా ఉడకబెట్టి అంటిస్తే చౌక, గట్టిగానూ పడుతుంది. కానీ మా వైపు వర్షాకాలం చెమ్మకి ఆ జిగురు వాసనకి పురుగు చేరుతుంది. బైండింగు వాళ్లు అందుకే మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకునే చోట కుదరదు. కాబట్టి ఫెవికాలే వాడాం. జేబు మూడు వైపులా సన్నగా రాసి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచితే చాలు. ఎక్కువ రాస్తే అట్ట మెలి తిరుగుతుంది.

ఐదో తరగతి పిల్లలు కార్డు పైన ఏం రాయాలో తేల్చడానికి చాలాసేపు వాదించుకున్నారు. "నీ అభిప్రాయం" అంటే పరీక్షలా ఉందని ఒకరన్నారు. చివరికి "తర్వాత చదివేవాళ్లకి" అని పెట్టారు.

ఆగస్టు

మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి ఇరవై నిమిషాలు చదివే వేళ. ఇంటి దగ్గర చదవమనే ముందు బడిలో చదవడానికి సమయం ఇవ్వాలి కదా. ఇంట్లో వెలుతురుంటుందో లేదో, చంకలో చంటిపిల్ల ఉంటుందో, గేదెకి గడ్డి తేవాలో మనకి తెలియదు. బడిలో అందరికీ ఒకే గోడ, ఒకే కిటికీ.

మొదటి వారమంతా ప్రశ్నలే. "ఎన్ని పేజీలు చదవాలి టీచర్?" "ప్రశ్నలు అడుగుతారా టీచర్?" "పూర్తి చేయకపోతే?" పూర్తి చేయక్కర్లేదు, నచ్చకపోతే మళ్లీ క్లిప్పుకి పెట్టేసి ఇంకోటి తీసుకో అంటే నమ్మలేదు. ఒకడు నన్నే చూస్తూ ఒక్కో పుస్తకం తీసి, తెరిచి, పెట్టేసి, మళ్లీ తీశాడు. ఆ ఇరవై నిమిషాలూ అదే పని. రోజూ అలాగే. నేను ఏమీ అనకపోవడంతో, కొన్నాళ్లకి ఒక పుస్తకం దగ్గర ఆగాడు. జేసీబీ ఉన్న పుస్తకం. ఊళ్లో కాలువ పూడిక తీసినప్పుడు వాడు బడి ఎగ్గొట్టి చూసిన బండి అది.

నాలుగో తరగతిలో ఒకబ్బాయి. నిరుటి పట్టికలో అన్ని గళ్లూ నిండి ఉన్నాయి. ఇప్పుడు పక్కన కూర్చుని వింటే తెలిసింది. వేలు అక్షరం కింద పెట్టి, పెదాలు కదుపుతూ, "కకు కొమ్మిస్తే కు... కకు కింద క ఒత్తు... క్క..." అని కూడబలుక్కుంటున్నాడు. "కుక్క" దగ్గరికి వచ్చేసరికి ముందు ఏం చదివాడో మర్చిపోయాడు. బొమ్మలో కుక్క ఉంది. బొమ్మకేసి చూడట్లేదు, చూస్తే కాపీ కొట్టినట్టని అనుకుంటున్నాడు. "బొమ్మ చూడొచ్చురా, అది కూడా చదవడమే" అన్నాను. తలెత్తి బొమ్మ చూసి, మళ్లీ అక్షరాల్లోకి వచ్చి, "కుక్క!" అన్నాడు, ఈసారి ఒకేసారి, మాట మొత్తంగా. తర్వాత వాక్యంలో ఇంకో కుక్క వచ్చింది. దానికి వేలు ఆగలేదు.

ఇలాంటి పిల్లలకి తీగ మీద పుస్తకాలు వేలాడదీస్తే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు కూర్చోబెట్టి నేర్పాల్సిందే, ఆ పని పొద్దుటి పీరియడ్లలో వేరే జరుగుతోంది. ఇష్టం ఉంటే అక్షరాలు వాటంతటవే వస్తాయనే మాటతో నేను ఏకీభవించను. కాకపోతే నేర్చుకున్న ఒత్తుని ఎక్కడో ఒకచోట ఇష్టంగా వాడుకోవాలి. వాడికి ఆ చోటు మధ్యాహ్నం దొరికింది.

శనివారాలు నేను పైకి చదివి వినిపిస్తున్నాను. ఒక పెద్ద కథని భాగాలుగా చేసి, ఉత్కంఠగా ఉన్నచోట ఆపేస్తాను. మిగతాది కావాలన్నవాళ్లు తీగ మీద వెతుక్కోవచ్చు.

సెప్టెంబరు

నెల మొదటే కృష్ణకి వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. కొల్లూరు మండలంలో లంక గ్రామాల్లోకి నీళ్లు వచ్చేశాయి. అరటి, పసుపు, కంద అన్నీ మునిగాయి. మా బడి కరకట్టకి ఇవతల ఉంది కాబట్టి కొన్ని కుటుంబాలు ఇక్కడే తలదాచుకున్నాయి. తరగతి గదిలో చాపలు, మూటలు, పొయ్యి మీద అన్నం. తీగ మీద పుస్తకాలు తీయడానికి ఎవరికీ తీరిక లేక అలాగే ఉండిపోయాయి.

ఆ రోజుల్లో చూసింది వివరంగా రాయాలి. పగలంతా మగవాళ్లు కరకట్ట మీద నీటి మట్టం చూస్తుంటే, ఆడవాళ్లూ పిల్లలూ గదిలోనే. మూడో రోజో నాలుగో రోజో నేను వెళ్లేసరికి కాటుక వేలిముద్రల మామ్మగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లది లంక ఊరే. పక్కన మనవరాలు నక్క కథ చదువుతోంది. చుట్టూ ఇంకో ఐదారుగురు పిల్లలు, ఇద్దరు తల్లులు. మామ్మ మధ్యలో ఆపి, "అట్టా కాదే, నక్క ముందు ఏట్లోకి దిగిద్ది, ఆ తర్వాతే మొసలి" అంటున్నారు. పిల్ల "ఇందులో అట్టా లేదు మామ్మా" అంటోంది. "లేకపోతే రాసినోళ్లకి తెలవదు" అని మామ్మ తన కథ మొదలుపెట్టారు. పిల్లలు పుస్తకం వదిలేసి అది విన్నారు, అయ్యాక రెండూ పోల్చుకుని ఏది బాగుందని పోట్లాడుకున్నారు.

నిరుడు ఈ మామ్మని మనం అడిగింది వేలిముద్ర. చదివిందో లేదో చూసి సాక్ష్యం పెట్టమన్నాం. నాకిప్పుడు అర్థమైనది ఇది: ఇంట్లో పెద్దవాళ్లు మనకి కావలసింది తనిఖీ చేసేవాళ్లుగా కాదు, వినేవాళ్లుగా. చదువురానివాళ్లు కూడా అద్భుతంగా వింటారు, మధ్యలో అడ్డు తగులుతారు, తప్పులు పట్టుకుంటారు, ఇంకో కథ చెబుతారు. పిల్లకి అంతకంటే మంచి పాఠకగోష్ఠి ఏముంటుంది?

"మామ్మగారూ, ఆ మొసలి కథ మా పిల్లలందరికీ చెబుతారా?" అని అడిగాను. "చెప్పకేం టీచరమ్మా, ముందు నీళ్లు తియ్యనీ" అన్నారు.

అక్టోబరు

దసరా సెలవులకి ఎవరికి కావలసిన పుస్తకం వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు. రాసుకోవడం నా వంతు. కొన్ని తిరిగి రాలేదు, కొన్ని పసుపు మరకలతో వచ్చాయి. పర్వాలేదు.

నవంబరు, గ్రంథాలయ వారోత్సవాలు

14 నుంచి 20 దాకా. ఏటా వక్తృత్వ పోటీ, బహుమతి, ఫొటో. ఈసారి పిల్లలకి మన కాలువ కథ చెప్పాను. 1935లో పాతూరి నాగభూషణం గారు మన కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. రోడ్లు సరిగా లేని రోజులు, ప్రయాణాలూ సరుకులూ పడవల మీదే, కాబట్టి పుస్తకాలూ పడవెక్కాయి. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరపడానికి అయ్యంకి వెంకటరమణయ్య గారు పడ్డ శ్రమ, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం, అన్నీ ఈ చుట్టుపక్కల సంగతులే. పిల్లలకి మాత్రం పడవే కావాలి. పడవ ఎంత పెద్దది, తడవకుండా ఎలా పెట్టారు, పడవ ఊళ్లో ఆగితే బెల్లు కొట్టేవారా. నాకు తెలిసినంత చెప్పాను.

చదవమని ఆ పడవలో ఎవరూ ఎవరి సంతకమూ అడిగి ఉండరు. ఊరికి పుస్తకం వచ్చింది, కావలసినవాళ్లు రేవుకి వెళ్లారు. మా తీగకి కూడా ఆ పనే పెట్టాం.

వారం చివర మామ్మగారు వచ్చి మొసలి కథ చెప్పారు. పిల్లలు దాన్ని రాసి, బొమ్మలు వేసి, పుస్తకం కుట్టారు. కుట్టే పద్ధతి రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. నాలుగు ఏ4 కాగితాలు, పైన ఒక మందపాటి చార్టు ముక్క, అన్నీ కలిపి మధ్యకి మడవాలి. మడత మీద మూడు చోట్ల దబ్బనంతో బెజ్జాలు: సరిగ్గా మధ్యలో ఒకటి, పైనా కిందా అంచుకి రెండేసి అంగుళాల దూరంలో ఒక్కోటి. పూలు కట్టే దారం రెండు పేటలు చేసి కొవ్వొత్తి మీద లాగితే చిక్కుపడదు. సూది లోపలినుంచి మధ్య బెజ్జంలోంచి బయటికి, బయటినుంచి పై బెజ్జంలోకి, లోపల మధ్య బెజ్జాన్ని దాటుకుని కింది బెజ్జంలోంచి బయటికి, మళ్లీ బయటినుంచి మధ్య బెజ్జంలోకి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. పొడుగ్గా పోయిన దారానికి అటొకటి ఇటొకటి వచ్చేలా పెట్టి ముడివేయాలి. దబ్బనం పని పెద్దవాళ్లు చేయాలి, కుట్టు మూడో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

ఆ పుస్తకానికి కూడా వెనక జేబు, కార్డు పెట్టి తీగకి తగిలించాం. ఇప్పటిదాకా ఎక్కువ చేతులు మారిన పుస్తకం అదే.

డిసెంబరు

7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా మీటింగు. మన జిల్లాలోనే బాపట్ల మునిసిపల్ హైస్కూల్‌కి ముఖ్యమంత్రి గారు వచ్చారు కాబట్టి ఊళ్లో అందరికీ ఆ రోజు మీద ధ్యాస ఉంది, బాగానే వచ్చారు.

ఒక నాన్నగారు సూటిగా అడిగారు. "పట్టిక ఉంటే చదివాడో లేదో మాకు తెలిసేది మేడం. ఇప్పుడెట్టా తెలుస్తది?" అడగాల్సిన ప్రశ్నే. ఆయన పెద్దబ్బాయి టౌనులో ప్రైవేటు బడిలో ఉన్నాడు, అక్కడ రోజూ డైరీలో సంతకం పెట్టిస్తారు. పెట్టించకపోతే బడి పట్టించుకోవట్లేదని అనుకోవడం సహజం.

నా నోటు పుస్తకం తీసి చూపించాను. పదిహేను రోజులకోసారైనా ప్రతి పిల్లా నా పక్కన కూర్చుని తనకి నచ్చిన పేజీ చదివి వినిపిస్తుంది. మిగతావాళ్లకి వినపడదు. ఎక్కడ తడబడింది, ఏ ఒత్తు దగ్గర ఆగింది, వాక్యం చివర గొంతు దిగిందా లేదా అన్నది నేను రాసుకుంటాను. వాళ్లబ్బాయి పేజీ తీసి, ఆగస్టులో ఏం రాశానో, నవంబరులో ఏం రాశానో చదివాను. నమోదు ఉంది, అది టీచరు పని. పిల్లవాడి పని చదవడం. ఆయన రెండుసార్లు చదివించుకుని, "మరి మేం ఇంటికాడ ఏం చెయ్యాలి?" అన్నారు. వాడు చదువుతుంటే టీవీ ఆపి ఓ పది నిమిషాలు వినండి, వాడు చదవనంటే మీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పండి అన్నాను.

అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు తల్లులు పట్టికే కావాలన్నారు. కావాలంటే ఉంచుకోవచ్చు, వాళ్ల పిల్లలు కూడా ఒప్పుకుంటే. ఒకమ్మాయి ఉంచుకుంది, ఇష్టంగానే రాస్తోంది. బొమ్మలు వేసి, పుస్తకాలకి మార్కులు వేస్తోంది. అలా రాసుకునేవాళ్లకి పట్టికతో ఏ ఇబ్బందీ లేదు.

ఫిబ్రవరి

సంక్రాంతి తర్వాత కార్డులన్నీ తీసి ఒకచోట పరిచాను. కొన్ని పుస్తకాల కార్డులు పూర్తిగా నిండిపోయి, కొత్త కార్డు కలిపి కుట్టాల్సి వచ్చింది. కొన్నిటి మీద ఒక్క గీత లేదు.

నిండినవి: పాములు, దెయ్యం, తిండి, బండ్లు, అన్నాచెల్లెళ్ల కొట్లాటలు, మామ్మగారి మొసలి. ఖాళీవి: చివర నీతి అచ్చేసినవి దాదాపు అన్నీ, మహనీయుల జీవిత చరిత్రల్లో చిన్న అక్షరాలవి, ఇంగ్లీషు తెలుగు పక్కపక్కన ఉండి తెలుగు మరీ బిగుసుకుపోయినట్టు ఉన్నవి. మహనీయుల కథలు పిల్లలకి ఇష్టం లేదనడానికి లేదు. పాతూరి వారి పడవ గురించి ఎన్ని ప్రశ్నలు అడిగారో చూశాను కదా. పుట్టిన తేదీతో మొదలై పొందిన బిరుదులతో అయిపోయే పుస్తకం ఇష్టం లేదు, అంతే.

కార్డుల మీద మాటలు కొన్ని, ఉన్నవి ఉన్నట్టు:

"ఏడో పేజీలో పిల్లి దాక్కుంది. ఎతుకు."

"నాకు నచ్చలా. మా తమ్ముడికి నచ్చింది."

"రాత్రి చదవకు."

"చివర్లో ఏడుపొచ్చిద్ది. అయినా చదువు."

"ఈ పాపకి కూడా మా నాన్న లాగే నాన్న ఉన్నాడు."

చివరిది రాసినవాళ్లు పేరు రాయలేదు. పేరు ఇష్టమైతేనే అని పెట్టడం వల్లే ఆ వాక్యం వచ్చింది. దస్తూరీ నాకు తెలుసు. ఆ పిల్లతో పుస్తకం ఊసెత్తకుండా మాట్లాడుతున్నాను.

కుదరనివి కూడా రాయాలి. ఐదో తరగతిలో ముగ్గురు అబ్బాయిలు ఇప్పటికీ చదివే వేళలో పుస్తకం తెరిచి కిటికీలోంచి చూస్తారు. వాళ్లలో ఒకడు పేపరులో క్రికెట్ పేజీ మాత్రం ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడని తెలిసి, హెడ్‌మాస్టారి గదిలోకి వచ్చే పేపరు మధ్యాహ్నానికి తీగ మీదికి తెస్తున్నాం. వాడు చదువుతున్నాడు. మిగతా ఇద్దరికీ ఏం కావాలో ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం. చూసి చదవడం ఇంకా కష్టంగా ఉన్నవాళ్లు నలుగురు. వాళ్లకి పుస్తకం కంటే ముందు రోజూ అరగంట ఒత్తుల సాధన ఎక్కువ అవసరం, అది తగ్గించకూడదు.

సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారు వచ్చి చదువు పట్టికలు అడిగారు. కార్డుల డబ్బా, నా నోటు పుస్తకం ముందు పెట్టాను. చాలాసేపు కార్డులు చదివి, కొన్నిటికి ఫొటోలు తీసుకున్నారు.

ఏప్రిల్

సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకి గ్రంథాలయం పద్దులో ఏటా 5,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. డబ్బు వచ్చినప్పుడు ఏం కొనాలో ఇప్పుడే జాబితా రాశాం, ఈసారి పిల్లల కార్డులు చూసి. మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, ప్రథమ్ వాళ్లవి, తూలిక వాళ్లవి చిన్న పుస్తకాలు ఎక్కువ. పాముల పుస్తకాలు రెండు కావాలని నాలుగో తరగతి పట్టుబట్టింది. ఒక్కటే ఉంటే కొట్లాట. పెట్టాం. మొదటి కుప్పలోకి, అంటే పేజీకి ఒకట్రెండు వాక్యాలున్నవాటికి, సగం డబ్బు. దీని మీద తోటి టీచర్లు కొంత వాదించారు, పెద్ద పుస్తకమైతే డబ్బుకి తగ్గ విలువ ఉంటుందని. చదవని పుస్తకానికి ఎంత పెట్టినా దండగేనని నా మాట, హెడ్‌మాస్టారు దానికే ఒప్పుకున్నారు.

వేసవి సెలవుల్లో పుస్తకాలు బీరువాలోకి వెళ్లట్లేదు. మామ్మగారింటి వసారాలో తీగ కడుతున్నాం. లంక పిల్లలకి అది దగ్గర, ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు. ఎవరు ఏది తీసుకెళ్లారో మనవరాలు రాసి పెడతానంది.

జూన్‌లో ఒకటి, రెండు తరగతులకి కూడా కార్డులు పెడుతున్నాం. రాయడం రానివాళ్లు బొమ్మ వేస్తారు. వాళ్లకి పెద్ద కార్డులు కావాలి, అయిదుకి ఎనిమిది అంగుళాలైనా ఉండాలి. పెళ్లిళ్ల సీజను కాబట్టి పెద్ద సైజు శుభలేఖలు పారేయకుండా బడికి పంపమని ఊళ్లో చెప్పి పెట్టాం.